సగంలో ఆగిన కథని పూర్తి చేయడం ఎలా?

మీ దగ్గర ఒక పాత నోట్‌బుక్కో, ఫోన్లో ఒక ఫోల్డరో ఉండే ఉంటుంది. అందులో నాలుగైదు కథలు మొదలై ఉంటాయి. మొదటి పేజీ బాగానే వస్తుంది. రెండో పేజీకి ఊపు తగ్గుతుంది. మూడో పేజీలో ఎక్కడో పెన్ను ఆగిపోతుంది. "నాకు రాయడం రాదేమో" అనిపించి మూసి పక్కన పెట్టేస్తారు. అలా పక్కన పెట్టిన కథల కోసమే ఇది రాస్తున్నాను.

ప్రతిభ లేకపోవడం వల్ల కథ ఆగిపోతుందని నేను అనుకోను. రాయడం రాని మనిషికి మొదటి పేజీ కూడా రాదు. చాలాసార్లు జరిగేది వేరు. మనం ఒక విషయం పెట్టుకుని కూర్చుంటాం: వృద్ధాప్యం, వరకట్నం, రైతు అప్పులు, అమెరికాలో స్థిరపడ్డ పిల్లలు. విషయం మీద మనకున్న బాధంతా ఒక పేజీలో అయిపోతుంది. ఆ తర్వాత ఏం రాయాలో తెలియదు. ఒక మనిషి ఏదో తేల్చుకోవాల్సిన చోట నిలబడి ఉంటే మాత్రం తర్వాత ఏమవుతుందా అని రాసేవాళ్ళకే ఆత్రంగా ఉంటుంది. ఆ ఆత్రమే రెండో పేజీ, మూడో పేజీ రాయిస్తుంది.

కాబట్టి మొదటి పని, విషయంలోంచి మనిషిని బయటికి తీయడం. ఎలాగో ఒకే ఉదాహరణతో చివరిదాకా చూద్దాం.

ఎవరు, ఏం తేల్చుకోవాలి

మీరు చూసిందో విన్నదో ఒక చిన్న సంగతి తీసుకోండి. పెద్ద సంఘటన అక్కర్లేదు. పేపర్లో హెడ్డింగ్‌గా వచ్చేది అసలు వద్దు, దాని గురించి అందరూ అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు. మీకు ఎందుకో మనసులో పట్టుకుని వదలని సంగతి కావాలి.

ఇదిగో ఇలాంటిది. ఒక చిన్న ఊళ్ళో జాకెట్లు కుట్టే ఆవిడ ఉంది. పేరు రమణమ్మ అనుకుందాం. ఒకరోజు కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఆరు జాకెట్లు తెచ్చి, బిగుతుగా ఉన్నాయి, వదులు చేయమని అడిగింది. జాకెట్లు చూడగానే రమణమ్మకి తెలిసిపోయింది. అవి తను కుట్టినవే. ఈ అమ్మాయి భర్త మొదటి భార్య పద్మకి కుట్టినవి. పద్మ పోయి ఏడాది దాటింది.

ఇక్కడ ఆగి ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకి జవాబులు రాసుకోండి. ఇది ఎవరి కథ? ఆ మనిషి ఏం తేల్చుకోవాలి? తేల్చుకోవడం ఎందుకు కష్టం?

ఇది పద్మ కథా, కొత్త పెళ్ళికూతురి కథా, రమణమ్మ కథా? ముగ్గురిలో ఎవరినైనా తీసుకోవచ్చు, కానీ ఒక్కరినే తీసుకోవాలి. నేనైతే రమణమ్మని తీసుకుంటాను, ఎందుకంటే ఇరుకున పడింది తనే. ఈ జాకెట్లు ఎవరివో ఆ అమ్మాయికి తెలుసో తెలీదో రమణమ్మకి తెలీదు. చెబితే కాపురంలో చిచ్చు పెట్టినట్టు అవుతుందేమో. చెప్పకపోతే చనిపోయినావిడ బట్టలు తెలియకుండా కట్టుకునేలా చేసినట్టు అవుతుంది. పైగా ఇంట్లో అవసరాలున్నాయి, వచ్చిన పని వదులుకునే పరిస్థితి లేదు. చెప్పాలా వద్దా అన్నదే కథ. రెండో పెళ్ళి గురించి మీకున్న అభిప్రాయం ఎక్కడా రాయక్కర్లేదు, ఈ చిక్కు సరిగ్గా రాస్తే అది పాఠకుడికే అందుతుంది.

మీ నోట్‌బుక్‌లో ఆగిపోయిన కథ తీసి ఇవే ప్రశ్నలు అడగండి. మొదటి ప్రశ్నకి ఇద్దరి పేర్లు వస్తే కథ ఆగింది అందుకే. రెండో ప్రశ్నకి "ఆమె చాలా బాధపడుతోంది" అని జవాబొస్తే ఇంకా తవ్వాలి. బాధ పడుతూ కూర్చున్న మనిషితో కథ నడవదు. ఆ బాధలో ఉండి ఆమె ఇవాళ ఏం చేయాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఏం దాచాలి? అది దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి. బస్సులోనో వంటింట్లోనో పని చేసుకుంటూ రెండు రోజులు ఆలోచించండి. అలా ఆలోచించడం కూడా రాయడంలో భాగమే, టైమ్ వేస్ట్ అవుతోందని టెన్షన్ పడొద్దు.

ఎక్కడ మొదలుపెట్టాలి

కథకి మొదలు ఆ చిక్కుకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. తెల్లవారడం, కోడి కూయడం, అలారం మోగడం, కాఫీ పెట్టడం, ఇవన్నీ రాసేవాళ్ళు వేడెక్కడానికి పనికొస్తాయి గానీ చదివేవాళ్ళకి అక్కర్లేదు. రమణమ్మకి పెళ్ళి ఎప్పుడైంది, భర్త ఎలా పోయాడు, కుట్టుపని ఎవరి దగ్గర నేర్చుకుంది అన్నవి కూడా మొదట్లో వద్దు. సంచిలోంచి జాకెట్లు బయటికొచ్చే క్షణంలో మొదలుపెట్టండి.

మన తెలుగు కథకి ఈ సంగతి మొదట్లోనే తెలుసు. 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చిన గురజాడ 'దిద్దుబాటు' ఒకసారి తీసి చూడండి. రాత్రి ఒంటిగంట, భర్త ఇంటికొచ్చి తలుపు కొడుతున్నాడు, తలుపు తెరుచుకోలేదు. అక్కడ మొదలవుతుంది కథ. ఆయన ఎవరు, ఏం చదువుకున్నాడు, ఇంతసేపు ఎక్కడికి వెళ్ళాడు అన్నదంతా తర్వాత తెలుస్తుంది. తెలుగు చిన్నకథ అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న రోజుల్లోనే గురజాడ ఎంత సూటిగా లోపలికి తీసుకెళ్ళాడో గమనించండి.

కాలం కూడా కుదించండి. కొత్తగా రాసేవాళ్ళు ఒక జీవితం మొత్తం ఎనిమిది పేజీల్లో చెప్పాలని చూస్తారు: పుట్టుక, చదువు, పెళ్ళి, పిల్లలు, ముసలితనం. అది కథ కాదు, నవలకి సారాంశం అవుతుంది. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లో ముఖ్యమైనదంతా ఒక్క తుఫాను రాత్రిలో జరుగుతుంది. పద్ధతి ప్రకారం బతికే ఒక పెద్దమనిషి, ఒక ముష్టి మనిషి, ఒక చిన్న రైల్వే స్టేషను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది దానికే. మన రమణమ్మ కథకి రెండు రోజులు చాలు. జాకెట్లు ఇచ్చిన రోజు, తీసుకెళ్ళిన రోజు. మధ్యలో ఒక రాత్రి ఆవిడ కుట్లు విప్పుతూ కూర్చుంటుంది.

చిత్తుప్రతి: ఆపకుండా చివరిదాకా

ఇక కూర్చుని రాయండి. మొదటిసారి రాసేటప్పుడు ఒకటే నియమం, వెనక్కి తిరిగి దిద్దకూడదు. మొదటి పేరా బాగా రాలేదని దాన్నే పదిసార్లు తిరగరాసేవాళ్ళు రెండో పేజీ చూడరు. పేరు గుర్తు రాకపోతే చుక్కలు పెట్టి ముందుకెళ్ళండి. సరైన మాట తట్టకపోతే తట్టిన మాటే రాసి కింద గీత పెట్టుకోండి. వాక్యాలు చప్పగా ఉన్నా, వ్యాకరణం తప్పినా, సన్నివేశం మధ్యలో విరిగినా సరే, చివరి వాక్యం దాకా వెళ్ళాలి.

రోజుకి రెండు గంటలు దొరకాలని ఎదురుచూడకండి. ఉద్యోగం, ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్ళకి ఆ రెండు గంటలు ఎప్పటికీ దొరకవు. అరగంట చాలు, కానీ రోజూ దొరికే అరగంట కావాలి. పొద్దున్నే ఇంట్లోవాళ్ళు లేవకముందో, ఆఫీసులో లంచ్ అయ్యాకో, రాత్రి టీవీ కట్టేశాకో. తర్వాతి వాక్యం ఏమిటో తెలిసి ఉండగానే ఆపేయండి, మర్నాడు కూర్చోగానే ఆ వాక్యం చేతికి దొరుకుతుంది. టైపింగ్ నెమ్మదైతే కాగితం మీద రాయండి, లేదా ఫోన్లో మాట్లాడితే టైప్ చేసే కీబోర్డు వాడండి. మాట్లాడి రాసినప్పుడు ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి, తర్వాత దిద్దుకోవచ్చు. మాట్లాడుతూ రాసేవాళ్ళకి సంభాషణలు సహజంగా రావడం నేను చాలాసార్లు చూశాను.

ఇలా రాసిన చిత్తుప్రతి చూస్తే మీకే నచ్చదు. నచ్చకపోవడం మంచి లక్షణం. బాగున్నదేదో మీకు తెలుసు కాబట్టే ఇది ఇంకా అక్కడికి రాలేదని కూడా తెలుస్తోంది. ఈ దశలో చింపేసేవాళ్ళు ఎక్కువ. దయచేసి చింపకండి. చివరిదాకా రాసిన ఒక చెడ్డ చిత్తుప్రతి, సగంలో ఆగిన పది మంచి మొదళ్ళ కంటే విలువైనది, ఎందుకంటే దాన్ని దిద్దొచ్చు.

తిరగరాయడం: అసలు పని ఇక్కడే

చిత్తుప్రతిని వారం పది రోజులు కంటికి కనిపించని చోట పెట్టండి. పోటీకి గడువు దగ్గర పడితే కనీసం రెండు రోజులైనా. రాసిన వేడిలో మన మనసులో ఉన్నదంతా కాగితం మీద కూడా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ వేడి తగ్గాకే కాగితం మీద నిజంగా ఏముందో తెలుస్తుంది.

రమణమ్మ కథ చిత్తుప్రతిలో మొదటి పేరా ఇలా వచ్చిందనుకోండి:

"రమణమ్మ చాలా మంచి మనిషి. భర్త చనిపోయాక ఎన్నో కష్టాలు పడి కుట్టుమిషన్ మీద పిల్లల్ని చదివించింది. ఒకరోజు ఒక అమ్మాయి జాకెట్లు తీసుకొచ్చింది. వాటిని చూడగానే రమణమ్మ గుండె బరువెక్కింది. కళ్ళు చెమర్చాయి. పాపం పద్మ ఎంత మంచి పిల్లో అనుకుంది."

ఇందులో తప్పేమీ లేదు. కానీ కనిపించేది కూడా ఏమీ లేదు. మంచి మనిషి అన్నారు, ఏం చేస్తే మంచి మనిషి? ఎన్నో కష్టాలు అన్నారు, ఒక్కటైనా కనపడిందా? గుండె బరువెక్కడం, కళ్ళు చెమర్చడం మనం వేల కథల్లో చదివేశాం, ఆ మాటలు ఇప్పుడు ఎవరినీ కదిలించవు. అన్నిటికంటే ముఖ్యంగా, అవి పద్మ జాకెట్లని రమణమ్మకి ఎలా తెలిసింది? ఊళ్ళో జాకెట్లన్నీ ఒకేలా ఉంటాయి కదా. ఈ ప్రశ్నకి జవాబు వెతికితే కథ దొరుకుతుంది.

జవాబు కోసం కుట్టుపని చేసేవాళ్ళ దగ్గర కూర్చోండి. ఒక గంట చూడండి. లోపల వైపు గుడ్డ ఎంత వదులుతారు, ముందుముందు లావైతే విప్పుకోవడానికి వీలుగా ఎలా కుడతారు, కొలత కోసం ఇచ్చే ఆది జాకెట్టు మీద ఎవరిదో తెలియడానికి చీటీ ఎలా గుచ్చుతారు. రాయబోయే మనుషుల పని గురించి తెలియకుండా ఆ మనుషుల గురించి రాయలేం. చూసొచ్చాక తిరగరాస్తే ఇలా రావొచ్చు:

"సంచిలోంచి ఆరు జాకెట్లు తీసి మిషన్ బల్ల మీద పెట్టింది ఆ అమ్మాయి.

'చంకల్లో పట్టేస్తున్నాయి ఆంటీ. కొంచెం వదులు చేస్తారా?'

రమణమ్మ పైనున్న ఆకుపచ్చ జాకెట్టు తిరగేసింది. కుడిచెయ్యి అంచు లోపల వైపు ఎర్రదారంతో కుట్టి ఉంది. ఆ రోజు కరెంటు పోయి, చీకట్లో దారం కండె మారిపోయింది. విప్పి మళ్ళీ కుడతానంటే పద్మ వినలేదు. 'లోపల వైపేగా, ఎవరు చూస్తారు' అని నవ్వి తీసుకుపోయింది.

'ఎక్కడ కుట్టించావమ్మా ఇవి?'

'ఏమో ఆంటీ. ఇంట్లో ఉన్నవే.'

రమణమ్మ జాకెట్టు మళ్ళీ లోపల వైపు లోపలికే తిప్పి మడిచింది. 'ఎల్లుండి రా' అంది."

గమనించండి. బాధ అన్న మాట ఎక్కడా లేదు. పద్మ చనిపోయిందని కూడా ఇంకా చెప్పలేదు. కానీ ఎర్రదారం ఒక్కటి మూడు పనులు చేసింది. జాకెట్టు ఎవరిదో పట్టిచ్చింది, పద్మ ఎలాంటి మనిషో చూపించింది, రమణమ్మకీ ఆమెకీ ఉన్న చనువు చెప్పింది. "ఇంట్లో ఉన్నవే" అన్న మాట దగ్గర ఈ అమ్మాయికి తెలుసా తెలీదా అన్న అనుమానం పాఠకుడికి కూడా అంటుకుంది. తిరగరాసేటప్పుడు వెతకాల్సింది ఇలాంటి ఒక వస్తువు కోసం. మీ కథలో అది చెప్పుల జత కావొచ్చు, బ్యాంకు పాసుబుక్కు కావొచ్చు, ఎవరూ వాడని గ్లాసు కావొచ్చు. ఒకటి సరైనది దొరికితే అరపేజీ వర్ణన తీసేయొచ్చు.

తీసేయడం గురించి కూడా చెప్పాలి, అది మనందరికీ ప్రాణం మీదికొచ్చినట్టే ఉంటుంది. మొదటి పేరా మొత్తం వేలితో మూసి రెండో పేరా నుంచి చదవండి. కథ అర్థమవుతుంటే మొదటిది కొట్టేయండి. ప్రతి పాత్రకీ పేరు అవసరమా చూడండి, రెండు వాక్యాలు మాట్లాడి వెళ్ళిపోయే పక్కింటావిడకి పేరు పెడితే ఆవిడ మళ్ళీ వస్తుందని పాఠకుడు ఎదురుచూస్తాడు. "చాలా", "ఎంతో", "ఒక్కసారిగా", "అకస్మాత్తుగా" అన్నవి వెతికి తీసేయండి, సగం చోట్ల వాక్యం బలపడుతుంది. తర్వాత గదిలో ఒంటరిగా కూర్చుని కథంతా పైకి చదవండి. నాలుక తడబడిన చోటల్లా వాక్యం పొడుగైంది, లేదా అది మీ మాట కాదు.

మనుషులు మాట్లాడినట్టు

సంభాషణలో మొదట తప్పేది పిలుపులు. భార్య భర్తని ఏమని పిలుస్తుంది, కోడలు అత్తని "అత్తయ్యా" అంటుందా "అత్తమ్మా" అంటుందా, ఆ ఊళ్ళో కుట్టుపనావిడని "ఆంటీ" అంటారా "పిన్ని" అంటారా "అక్క" అంటారా. పిలుపు ఒక్కటి సరిగ్గా పడితే ఊరు, వయసు, చనువు అన్నీ తెలిసిపోతాయి. చదువుకున్న అమ్మాయి టైలర్‌ని "ఆంటీ" అంటే సహజంగా ఉంది, "అమ్మగారూ" అంటే పాత సినిమాలా ఉంటుంది.

తర్వాత యాస. కోస్తాలో "వచ్చాడు", రాయలసీమలో "వచ్చినాడు", తెలంగాణలో "వచ్చిండు". మీ ఇంటి యాసలో రాయండి, అది పత్రికల్లో చెల్లదేమోనన్న భయం అక్కర్లేదు. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ కథలు గట్టిగా నిలబడింది వాటి సొంత మాటలతోనే. అయితే రెండు జాగ్రత్తలు. మీది కాని యాస సినిమాలు చూసి రాయకండి, ఆ ప్రాంతం వాళ్ళు రెండో వాక్యంలోనే పట్టేస్తారు. కథనం ఏ భాషలో సాగాలో ముందే తేల్చుకోండి. పాత్రల మాటలు యాసలో, కథనం మామూలు వాడుక భాషలో ఉండొచ్చు, లేదా మొత్తం యాసలోనే ఉండొచ్చు. ఒక పేజీలో అలా, ఇంకో పేజీలో ఇలా ఉండకూడదు.

"అన్నాడు", "అంది" చాలు. "ఆవేదనగా పలికింది", "నిర్లిప్తంగా బదులిచ్చాడు" అక్కర్లేదు. మాటలోనే ఆవేదన ఉంటే విడిగా చెప్పాల్సిన పని లేదు. లేకపోతే చెప్పినా రాదు.

ఇంకో సంగతి. మనుషులు అసలు విషయం నేరుగా మాట్లాడరు. ఎంత పెద్ద గొడవైనా మన ఇళ్ళలో కూరలో ఉప్పు గురించో, తలుపు గడియ గురించో మొదలవుతుంది. రమణమ్మ ఆ అమ్మాయిని "నీకు పద్మ గురించి తెలుసా?" అని అడగదు. "మీ అత్తగారు బాగున్నారా? పోయినేడు నుంచి కనపడలేదు" అంటుంది. ఆ అమ్మాయి బాగున్నారంటుంది. ఆ రెండు మాటల వెనక ఇద్దరూ ఏం తూచుకుంటున్నారో పాఠకుడు పట్టుకుంటాడు. అతని మీద అంత నమ్మకం ఉంచండి.

ముగింపు

కథలు ఆగిపోయే రెండో చోటు ఇది. ఎలా ముగించాలో తెలియక మనం మూడు దారుల్లో ఒకటి పట్టుకుంటాం. పాత్రని చంపేస్తాం. ఎవరో పెద్దాయన చేత ఉపన్యాసం ఇప్పిస్తాం. లేదా చెడ్డవాడు ఒక్క రాత్రిలో మారిపోతాడు. మూడింటినీ పక్కన పెట్టండి.

ముగింపు కోసం కొత్తగా ఏదీ కనిపెట్టొద్దు. కథలో అప్పటికే పెట్టిన వస్తువులు, మాటలు ఒకసారి చూసుకోండి. రమణమ్మ కథలో ఏమున్నాయి? ఆరు జాకెట్లు ఉన్నాయి, ఎర్రదారం ఉంది. ఆ రాత్రి కుట్లు విప్పుతూ రమణమ్మ గోడకున్న సంచిలోంచి పద్మ ఆది జాకెట్టు తీసి చూసిందని మనం రాసి ఉంటే, అదీ ఉంది, దానికి పిన్నీసుతో గుచ్చిన చీటీ మీద పేరు కూడా ఉంది. మూడో రోజు ఆ అమ్మాయి వస్తుంది. చెప్పాలా వద్దా అని రమణమ్మ ఇంకా తేల్చుకోలేదు. జాకెట్లు సంచిలో పెట్టి ఇచ్చింది. డబ్బులు లెక్కపెట్టి తీసుకుంది. అప్పుడు ఆ అమ్మాయి గడప దగ్గర ఆగి అంటుంది:

"పద్మక్క ఆది జాకెట్టు మీ దగ్గరే ఉందట కదా ఆంటీ. అది కూడా ఇచ్చేయండి."

ఇక్కడ ఆపేయాలి. ఆ అమ్మాయికి మొదటి నుంచీ తెలుసని, తెలిసే తెచ్చిందని, చనిపోయిన మనిషిని అక్క అని పిలుచుకుంటోందని ఒక్క మాటలో వచ్చేసింది. రమణమ్మ ఇచ్చిందా లేదా? ఆ అమ్మాయి ఎందుకు అడిగింది, ప్రేమతోనా, ఆ ఇంట్లోంచి పద్మ గుర్తులన్నీ చెరిపేయడానికా? పాఠకుడు కాసేపు ఆలోచించుకుంటాడు. దీని తర్వాత "ఆ మాటతో రమణమ్మ మనసులో భారం తీరిపోయింది, ఆడదాని మనసు ఆడదానికే తెలుస్తుంది" అని ఒక పేరా రాయాలని మనకి చెయ్యి దురద పెడుతుంది. రాయొద్దు. రాసేస్తే మీ చివరి పేరా కొట్టేసి చదివి చూడండి. చాలా కథలు ఒక పేరా ముందే అయిపోయి ఉంటాయి.

ముగింపు దొరికాక మళ్ళీ వెనక్కి వెళ్ళి, దానికి కావలసినవి ముందే పడ్డాయో లేదో చూసుకోండి. ఆది జాకెట్టు చివర్లోనే మొదటిసారి కనపడితే అది మోసంలా ఉంటుంది. మధ్యలో, వేరే పని మీద ఉన్నట్టుగా, ఒకసారి కనపడి ఉండాలి.

ఎవరికి చూపించాలి, ఎక్కడికి పంపాలి

మొదట ఒక్కరికి చూపించండి. బాగుందని మాత్రమే చెప్పేవాళ్ళు, వాట్సాప్ గ్రూపులో "సూపర్ అండీ" అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు, కానీ కథకి దానివల్ల సాయం ఉండదు. కథలు చదివే అలవాటున్న ఒక మనిషి చాలు. బాగుందా అని అడగొద్దు. "ఎక్కడ విసుగొచ్చింది? ఎక్కడ అర్థం కాలేదు? చివర్లో ఏమైందని మీరనుకున్నారు?" అని అడగండి. విసుగొచ్చిందన్న చోట తప్పకుండా ఏదో లోపం ఉంటుంది. దాన్ని ఎలా సరిచేయాలో వాళ్ళు చెప్పినట్టే చేయక్కర్లేదు, అది మీరు తేల్చుకోవాల్సింది.

పంపే ముందు ఆ పత్రికలో వచ్చిన కథలు కొన్ని చదవండి. ఎంత నిడివి తీసుకుంటారు, ఎలాంటి కథలు వేస్తారు అన్నది వాళ్ళ నియమాల కంటే ఆ కథలే బాగా చెప్తాయి. ఆదివారం అనుబంధాలకి చిన్న కథలు కావాలి, వెబ్ పత్రికలు నిడివి విషయంలో కొంచెం ఉదారంగా ఉంటాయి. కథని యూనికోడ్‌లో టైప్ చేసి వర్డ్ ఫైలుగా పంపడం మేలు, యూనికోడ్ కాని, డీటీపీకి వాడే అను ఫాంట్లలో ఉన్న ఫైలు అవతలివాళ్ళ కంప్యూటర్లో గజిబిజిగా తెరుచుకోవచ్చు. ఫొటో తీసిన పేజీలు పంపకండి. హామీపత్రం మర్చిపోవద్దు: ఇది నా సొంత రచన, దేనికీ అనువాదమో అనుకరణో కాదు, ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరే ఎక్కడా పరిశీలనలో లేదు అని నాలుగు ముక్కలు. సోషల్ మీడియాలో పెట్టిన కథని కూడా చాలామంది ప్రచురితమైనట్టే లెక్కేస్తారు, కాబట్టి తొందరపడి ముందే అక్కడ పెట్టకండి. ఒకే కథని ఒకేసారి రెండు చోట్లకి పంపొద్దు. రెండు చోట్లా అచ్చయితే సంపాదకులు ఇద్దరూ నొచ్చుకుంటారు, మీ తర్వాతి కథకి అది అడ్డమవుతుంది.

సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి పోటీలు వస్తుంటాయి. గడువు ఉంటే రాసేవాళ్ళకి ఆ గడువు మేలే చేస్తుంది, పాల్గొనండి. కానీ బహుమతి రాని కథ చెడ్డ కథ అనుకోవద్దు. న్యాయనిర్ణేతలు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళ అభిరుచి వాళ్ళది.

జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, కొన్నిసార్లు అసలు రాదు. ఎందుకు తీసుకోలేదో చాలా పత్రికలు చెప్పవు, అంతమందికి విడివిడిగా రాసే తీరిక వాళ్ళకి ఉండదు. అది మీ మీద తీర్పు కాదు. వాళ్ళు చెప్పిన గడువు దాటాక ఒక మర్యాదైన మెయిల్ పంపి, స్పందన లేకపోతే కథ వెనక్కి తీసుకుంటున్నానని రాసి, ఇంకోసారి చదువుకుని వేరే చోటికి పంపండి.

మధ్యలో చదువుతూ ఉండండి

రాయడానికి కూర్చోబుద్ధి కాని రోజులుంటాయి. ఆ రోజుల్లో కథలు చదవండి. కథా రచయిత కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో స్థాపించిన కథల లైబ్రరీ, కథానిలయం. దాని వెబ్‌సైట్లో వేల తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, పాత పత్రికల్లో అచ్చయిన పేజీలు అచ్చయినట్టే చూడొచ్చు. 1990 నుంచి వస్తున్న 'కథ' వార్షిక సంకలనాలు నాలుగైదు తెచ్చుకున్నా ఏడాది పొడుగునా చదువుకోవచ్చు. శ్రీకాకుళం వెళ్ళే పనుంటే ఆ కథానిలయం మెట్లెక్కి రండి. పేరున్నవాళ్ళతో పాటు, ఒకటో రెండో కథలు రాసి ఆగిపోయినవాళ్ళ కథలు కూడా అక్కడ భద్రంగా ఉన్నాయి. అవన్నీ వెతికి తెచ్చి దాచడానికి ఒక పెద్ద రచయిత తన జీవితంలో చాలా భాగం పెట్టాడు.

నచ్చిన కథ దొరికితే ఒకసారి చదివి వదిలేయకండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదవండి. ఎవరి కథ, ఏం తేల్చుకోవాలి అన్నది ఎన్నో పేరాలో తెలిసిందో గుర్తు పెట్టండి. ముగింపులో వచ్చిన వస్తువు మొదట ఎక్కడ కనిపించిందో వెతకండి. మొదటి పేరా, చివరి పేరా చేత్తో ఎత్తి రాయండి, ఇంకొకరి వాక్యం మన చేతి మీదుగా నడిస్తే అది ఊపిరి ఎక్కడ తీసుకుంటోందో తెలుస్తుంది.

కథ పంపిన రోజే ఒక చిన్న పుస్తకంలో కథ పేరు, పత్రిక పేరు, తేదీ రాసి పెట్టుకోండి. ఆ తర్వాత మెయిల్ పదేపదే తెరిచి చూడకుండా, మీ ఫోల్డర్‌లో ఆగిపోయి ఉన్నవాటిలోంచి రెండో కథ తీయండి. ఎవరి కథ, ఏం తేల్చుకోవాలి, ఎందుకు కష్టం అని మూడు ప్రశ్నలు పైన రాసి, ఇవాళ్టి అరగంట దానికివ్వండి.